133 ఎక్కువా, 480 ఎక్కువా? పాత డిస్కు ఇంటర్‌ఫేస్‌ల వేగాల లెక్క

పాత కంప్యూటర్లోంచి ఊడదీసిన డిస్కును కొత్తదానికి తగిలించి ఫోటోలో, పత్రాలో కాపీ చేసుకుందామనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యేది అంకెల గందరగోళం. డిస్కు మీద ‘అల్ట్రా ఏటీఏ 133’ అని ఉంటుంది. అడాప్టర్ అట్టపెట్టె మీద ‘యూఎస్‌బీ 2.0, 480’ అని ఉంటుంది. పక్కనే ఉన్న ఇంకో పాత డిస్కుపెట్టె ‘ఫైర్‌వైర్ 400’ అంటుంది. మదర్‌బోర్డు మాత్రం ‘సాటా 1.5’ అంటుంది. అంకెలను చూసి వరస పెడితే 480 మొదటిది, 1.5 చివరిది. నిజానికి ఈ నాలుగింటిలో పైస్థానం ఆ 1.5దే, రెండోది 133. 480కి మూడోస్థానం దక్కుతుంది, అదీ కాగితం మీదే. వాడకంలో 400 దాన్ని దాటేసిన సందర్భాలు బోలెడు.

ఈ చిక్కు మూడు పొరల్లో ఉంది: యూనిట్లు వేరు, ఎక్కడ కొలిచారన్నది వేరు, డిస్కు లోపల సమాచారాన్ని దాచుకుని తిరిగే పలక అసలు ఎంత ఇవ్వగలదన్నది వేరు.

బిట్లను బైట్లలోకి మార్చాక కనిపించే వరస

ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఫైళ్ల పరిమాణం బైట్లలో చెబుతాం కాబట్టి కాపీ వేగం కూడా బైట్లలో ఉంటేనే మనకు పనికొస్తుంది. అయితే కేబుల్లో పక్కపక్కనే ఎన్నో తీగలు పరిచి, ఒక్కో విడతకు ఒకటి రెండు బైట్లు పంపే ప్యారలల్ పద్ధతులు (ఏటీఏకు మరో పేరైన ఐడీఈ, దానికి పోటీగా ఉన్న స్కజీ) మొదటినుంచీ వేగాన్ని బైట్లలోనే చెప్పుకున్నాయి. ఒకదాని వెనక ఒకటిగా బిట్లు పంపే సీరియల్ పద్ధతులు (యూఎస్‌బీ, ఫైర్‌వైర్, సాటా) బిట్లలో చెప్పుకున్నాయి. అదే వేగం బిట్లలో చెబితే ఎనిమిది రెట్లు పెద్దగా కనిపిస్తుంది, అమ్మేవాళ్లకు అందులో అభ్యంతరం ఎందుకుంటుంది?

కాబట్టి అల్ట్రా ఏటీఏ 133 అంటే సెకనుకు 133 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0లో 480 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 60 మెగాబైట్లు. ఫైర్‌వైర్ 400 కచ్చితమైన వేగం 393.216 మెగాబిట్లు, అంటే 49 మెగాబైట్లకు కాస్త పైన.

సాటా దగ్గర మాత్రం ఎనిమిదితో భాగిస్తే తప్పు. అక్కడ ప్రతి 8 బిట్ల సమాచారాన్నీ 10 బిట్ల సంకేతంగా మార్చి తీగ మీదకు పంపుతారు. సున్నాలో ఒకట్లో అదేపనిగా వరసగా వచ్చేస్తే, అవతలి చిప్‌కు ఒక బిట్ ఎక్కడ ముగిసిందో తెలియదు. అలా జరగకుండా చూడటానికే ఆ రెండు అదనపు బిట్లు. అందువల్ల 1.5 గిగాబిట్లను పదితో భాగించాలి: 150 మెగాబైట్లు. తర్వాతి తరాలు 3, 6 గిగాబిట్లకు 300, 600 వస్తాయి. 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3.0ది కూడా ఇదే పద్ధతి, 500 మెగాబైట్లు.

ఇక్కడ ఒక తిరకాసు. ఫైర్‌వైర్ 800 కూడా ఇలా 8కి 10 బిట్లు పంపేదే, అయినా దాని పేరులోని 800 అనేది అదనపు బిట్లను తీసేశాక మిగిలిన వేగం. తీగ మీద నిజంగా పరిగెత్తేవి 983 మెగాబిట్లు. అంటే సాటా పేరులో తీగ వేగం ఉంటే, ఫైర్‌వైర్ పేరులో సమాచారపు వేగం ఉంది. పేరు చూసి ఏ అంకెతో భాగించాలో ఊహించలేం, ఆ ప్రమాణం ఏం లెక్కపెట్టిందో తెలియాల్సిందే.

మెగా అంటే పది లక్షలా, లేక 1024ను 1024తో గుణిస్తే వచ్చే 10,48,576నా అన్నది ఇంకో పాత తగాదా. ఇంటర్‌ఫేస్ వేగాల్లో ఎప్పుడూ పది లక్షలే. డిస్కు తయారీదార్లూ అంతే. విండోస్ మాత్రం రెండో లెక్క వాడుతుంది కాబట్టే 500 గిగాబైట్ల డిస్కు 465గా కనిపిస్తుంది. వీటన్నిటిలో విడ్డూరమైనది 1.44 మెగాబైట్ల ఫ్లాపీ. దానిలో పట్టేది 14,74,560 బైట్లు. దీన్ని 1024తో ఒకసారి, 1000తో ఒకసారి భాగిస్తేనే 1.44 వస్తుంది. రెండు లెక్కలనూ కలిపేసిన ఆ అంకెను ఇన్నేళ్లూ ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు.

పలకే వేగాన్ని నిర్ణయించిన రోజులు

తొలినాటి ఇంటర్‌ఫేస్‌లలో కేబుల్ వేగమూ డిస్కు వేగమూ ఒకటే. ఫ్లాపీనే చూడండి. నిమిషానికి 300 చుట్లు, అంటే సెకనుకు 5. ఒక్కో చుట్టులో 18 సెక్టార్లు, అంటే సమాచారపు ముక్కలు, ఒక్కో సెక్టార్‌లో 512 బైట్లు. గుణిస్తే సెకనుకు 46,080 బైట్లు. ఫ్లాపీని నడిపే చిప్ అయిన కంట్రోలర్ వివరాల్లో రాసి ఉండేది 500 కిలోబిట్లు, అంటే 62,500 బైట్లు. తేడా ఎక్కడికి పోయింది? సెక్టార్ల మధ్య వదిలే ఖాళీలకు, ప్రతి సెక్టార్ ముందు ఉండే చిరునామాకు, తప్పులు పట్టే అదనపు బైట్లకు. ఫ్లాపీ మొత్తం 160 ట్రాకులు (సెక్టార్లు వరసగా ఉండే వలయాలు) చదవాలంటే తిరగడానికే 32 సెకన్లు పడుతుంది, ట్రాకు మారినప్పుడల్లా చదివే హెడ్డు జరిగే సమయం దానికి అదనం.

1980లో వచ్చిన 5 మెగాబైట్ల డిస్కు ఎస్‌టీ-506 పేరుతోనే వ్యాప్తిలోకి వచ్చిన ఇంటర్‌ఫేస్‌దీ ఇదే తరహా. డిస్కులో తెలివి ఏమీ ఉండదు. హెడ్డు చదివిన అయస్కాంత స్పందనలను ఉన్నవి ఉన్నట్టు కేబుల్లోకి వదిలేస్తుంది, వాటిని బైట్లుగా విడగొట్టేది కంప్యూటర్‌లోని కంట్రోలర్ కార్డు. వేగం సెకనుకు 5 మెగాబిట్లు, అంటే 6,25,000 బైట్లు. ట్రాకుకు 17 సెక్టార్లు, సెకనుకు 60 చుట్లు కాబట్టి ఖాళీలు పోగా అసలు సమాచారం 5,22,240 బైట్లు. తర్వాత ఆర్‌ఎల్‌ఎల్ అనే మరో సంకేత పద్ధతితో అదే చుట్టులో 26 సెక్టార్లు పట్టించి వేగాన్ని 7.5 మెగాబిట్లకు తీసుకెళ్లారు. ఈఎస్‌డీఐ అనే తర్వాతి ఇంటర్‌ఫేస్ వచ్చి దాన్ని 10కి, ఆపైకి చేర్చింది.

కానీ ఆ 5,22,240 బైట్లు వాడినవాళ్లకు అందలేదు. ఒక సెక్టార్ చదివి మెమరీలోకి పంపేలోపే తర్వాతి సెక్టార్ హెడ్డు కిందనుంచి జారిపోయేది, అప్పటి కంట్రోలర్లకు అంత చురుకు లేదు. జారిపోయిన సెక్టార్ మళ్లీ రావాలంటే పలక పూర్తిగా ఒక చుట్టు తిరగాలి. అంటే చుట్టుకు ఒక్క సెక్టార్ కూడా నిండుగా అందదు: 60ని 512తో గుణిస్తే 30,720, అసలు వేగం అంతకన్నా కిందే. దీనికి కనిపెట్టిన ఉపాయం ఇంటర్‌లీవ్. వరస సెక్టార్లను పక్కపక్కన కాకుండా ఆరేసి స్థానాల దూరంలో రాస్తారు. ఒకటోది చదివాక కంట్రోలర్ తేరుకునే వేళకు రెండోది హెడ్డు కిందకు వస్తుంది. ట్రాకు మొత్తం ఆరు చుట్లలో పూర్తవుతుంది, సెకనుకు 87,040 బైట్లు. ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో ఉన్నది ఈ ఆరింటికి ఒకటి పద్ధతే. దాని తర్వాత వచ్చిన పీసీ ఏటీలో అది మూడింటికి ఒకటి అయింది, వేగం రెట్టింపయింది.

డిస్కు అదే, కేబుల్ అదే, పెట్టె మీద అంకె అదే. సెక్టార్లను ఏ వరసలో రాశారన్నదాన్ని బట్టి వేగం మూడింతలు మారింది. ఇంటర్‌ఫేస్ అంకె చూసి డిస్కు వేగం చెప్పేయడం ఎందుకు కుదరదో దీనికన్నా చక్కగా చూపే ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఐడీఈ: కంట్రోలర్ డిస్కులోకి వెళ్లాక

1980ల నడుమ కంట్రోలర్‌ను కార్డు మీదనుంచి తీసి డిస్కుకే అతికించేశారు. అదే ఐడీఈ, తర్వాత ఏటీఏ పేరుతో ప్రమాణమైంది. దీంతో కీలకమైన మార్పు వచ్చింది. పలక వేగం డిస్కు సొంత వ్యవహారం అయింది, కేబుల్ వేగం విడిగా మరో అంకె అయింది. ఇక్కడినుంచే గందరగోళం కూడా మొదలు.

కేబుల్ అంకె ఎలా వచ్చిందో లెక్క కట్టడం తేలిక. ఒక్కో విడతకు 16 బిట్లు, అంటే రెండు బైట్లు. పీఐఓ అనే తొలి పద్ధతిలో, మోడ్ 0లో విడతకు 600 నానోసెకన్లు: సెకనుకు 3.3 మెగాబైట్లు. మోడ్ 4లో 120 నానోసెకన్లు: 16.7 మెగాబైట్లు. పీఐఓలో ప్రతి రెండు బైట్లనూ ప్రాసెసరే స్వయంగా మోయాలి, కాపీ జరుగుతున్నంతసేపూ మిగతా పనులు నత్తనడక నడిచేవి. సమాచారాన్ని నేరుగా మెమరీలోకి చేర్చే డీఎంఏ పద్ధతి ఆ మోతపనిని ప్రాసెసర్‌నుంచి తప్పించింది. తర్వాత వచ్చిన అల్ట్రా డీఎంఏ, విడతల లయ చెప్పే గడియారపు స్పందన ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కూడా సమాచారం పంపి, అదే 120 నానోసెకన్లలో రెట్టింపు తీసింది: 33 మెగాబైట్లు. ఆ తర్వాత 66, 100, 133.

33 దాటాక కేబుల్ మారింది. కనెక్టర్‌లో పిన్నులు అవే 40, తీగలు మాత్రం 80. అదనపు 40 తీగలూ గ్రౌండే, ఒక తీగలోని సంకేతం పక్కతీగలో అలజడి రేపకుండా అడ్డుగోడలన్నమాట. పాత 40 తీగల కేబుల్ తగిలిస్తే సిస్టమ్ 33 దగ్గరే ఆగిపోతుంది. విండోస్ ఎక్స్‌పీలో ఇంకో తంటా ఉండేది. ఒక డిస్కుకు సంబంధించి మొత్తం ఆరు తప్పులు లెక్కకు వచ్చాయంటే వేగాన్ని ఒక మెట్టు దించేది, అలా దిగుతూ దిగుతూ చివరికి పీఐఓకు చేరేది. డిస్కు బాగానే ఉన్నా కంప్యూటర్ ఉన్నట్టుండి మందగించిందని తలపట్టుకున్నవాళ్లలో కొందరి కథ ఇదే.

ఒకే కేబుల్ మీద మాస్టర్, స్లేవ్ అని రెండు డిస్కులు పెట్టినప్పుడు ఒకసారి ఒకదానికే కేబుల్ దక్కుతుంది. అల్ట్రా డీఎంఏ 33 కేబుల్ మీద ఒక డిస్కునుంచి రెండోదానికి 100 మెగాబైట్లు కాపీ చేయాలనుకోండి. ఆ వంద రావడానికి 3 సెకన్లు, అదే కేబుల్లోంచి తిరిగి వెళ్లడానికి ఇంకో 3 సెకన్లు. డిస్కులు ఎంత చురుకైనవైనా వేగం 16, 17 మెగాబైట్లు దాటదు.

133 నిలబడేది ఎంతసేపు?

డిస్కుల తయారీ సంస్థ మాక్స్‌టర్ 2001లో అల్ట్రా ఏటీఏ 133ను ముందుకు తెచ్చినప్పుడు చాలామంది తయారీదార్లు 100 దగ్గరే ఆగి సాటా కోసం చూశారు. కారణం తెలియాలంటే ఆనాటి డిస్కు లోపలికి వెళ్లాలి. పలకమీంచి నిలకడగా చదవగలిగింది సుమారు 40 మెగాబైట్లు. మరి 133 ఎక్కడిది? డిస్కులోని చిన్న మెమరీ, అంటే క్యాష్, అందులో ఇప్పటికే ఉన్న సమాచారానికే ఆ వేగం. క్యాష్ 8 మెగాబైట్లు అనుకుంటే 133 వేగంతో అది 0.06 సెకన్లలో ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత మళ్లీ పలక ఇచ్చే 40కే దిగాలి. రోడ్డు మీద 133 అని వేగపరిమితి బోర్డు పెట్టినంత మాత్రాన 40 దాటలేని బండి అంత వేగం పోదు.

అయితే పెద్ద అంకె వట్టి ప్రచారమే అన్న వాదన కూడా పూర్తిగా నిజం కాదు. డిస్కుల వేగం ఏడాదికేడాది పెరుగుతోంది, ఇంటర్‌ఫేస్ వాటికన్నా ముందుండకపోతే అదే అడ్డవుతుంది. కేబుల్ మీద రెండు డిస్కులుంటే ఆ అదనపు జాగా పనికొస్తుంది. ఇంకోపక్క, మదర్‌బోర్డులో గుచ్చే పీసీఐ కార్డు ద్వారా తగిలించినప్పుడు మాత్రం 133 అంకెకు అర్థం ఉండదు. 33 మెగాహెర్ట్జ్, నాలుగు బైట్ల వెడల్పు ఉన్న పీసీఐ బస్సు (కార్డులన్నీ కలిసి వాడుకునే తీగల దారి) మొత్తం సామర్థ్యమే 133 మెగాబైట్లు. దాన్ని నెట్‌వర్క్ కార్డు, సౌండ్ కార్డు కూడా పంచుకోవాలి.

స్కజీ పేర్ల వెనక ఉన్న గుణకారం

ఫాస్ట్, వైడ్, అల్ట్రా, అల్ట్రా 2 వైడ్. స్కజీ పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి కానీ వెనక ఉన్నది ఒకే గుణకారం. 1986 నాటి మొదటి ప్రమాణంలో 5 మెగాహెర్ట్జ్, ఒక బైటు వెడల్పు: 5 మెగాబైట్లు. ‘ఫాస్ట్’ గడియారాన్ని రెట్టింపు చేసింది: 10. ‘వైడ్’ వెడల్పును రెండు బైట్లు చేసింది, ఫాస్ట్ వైడ్ 20. ‘అల్ట్రా’ గడియారాన్ని మళ్లీ రెట్టింపు చేసింది, వైడ్‌తో కలిస్తే 40. అల్ట్రా 2 వైడ్ 80. ఆ తర్వాత విసిగిపోయారో ఏమో, నేరుగా అంకెలనే పేర్లు చేశారు: అల్ట్రా 160, అల్ట్రా 320.

ఐడీఈకన్నా స్కజీ వేగమా అన్నది తొంభైలలో పెద్ద వాగ్వాదం. ఇరువైపులా పస ఉంది. స్కజీ పక్షం చెప్పేది: డిస్కు హెడ్డు వెతుకులాటలో ఉన్నంతసేపు బస్సును వదిలేస్తుంది, ఆలోగా ఇంకో పరికరం వాడుకుంటుంది. ఎన్నో ఆదేశాలను ఒకేసారి అందుకుని హెడ్డుకు అనువైన వరసలో పూర్తిచేస్తుంది. ఒకే కేబుల్ మీద 7, వైడ్‌లో 15 పరికరాలు పడతాయి. ఐడీఈ పక్షం చెప్పేది: ఒక్క మనిషి ఒక్క పెద్ద ఫైలు కాపీ చేస్తున్నప్పుడు వీటిలో ఏదీ అక్కరకు రాదు, పలక వేగం ఒకటే అయితే ఫలితమూ ఒకటే, ధర మాత్రం చాలా తక్కువ. రెండూ నిజమే. పైగా నిమిషానికి 10,000, 15,000 చుట్లు తిరిగే డిస్కులు ఎక్కువగా స్కజీకే వచ్చాయి కాబట్టి, డిస్కు గొప్పతనం చాలాసార్లు ఇంటర్‌ఫేస్ ఖాతాలో పడింది.

ఎక్కువ తీగలు ఎందుకు ఓడిపోయాయి?

సమాచారానికే పదహారు తీగలున్న కేబుల్‌ను జంటతీగల సాటా దాటేయడం మొదటిచూపులో వింతే. కారణం పదహారూ ఒకే క్షణంలో చేరాలన్న షరతు. తీగల పొడవులో, తయారీలో ఉండే చిన్న తేడాల వల్ల కొన్ని బిట్లు ముందు, కొన్ని వెనక చేరతాయి. గడియారం వేగం పెరిగేకొద్దీ ఆ తేడాను ఓర్చుకునే వ్యవధి కుంచించుకుపోతుంది. అందుకే ఏటీఏ కేబుల్ పొడవుకు 46 సెంటీమీటర్ల హద్దు. స్కజీ కూడా ఇదే బాధ పడింది: మొదటి ప్రమాణంలో 6 మీటర్లు అనుమతించిన కేబుల్, అల్ట్రాలో పరికరాలు ఎక్కువుంటే 1.5 మీటర్లకు కుదించుకుపోయింది. ఒక్కో సంకేతానికి రెండేసి తీగలు వాడి, వాటి మధ్య తేడాను చదివే ఎల్‌వీడీ పద్ధతి వచ్చాకే మళ్లీ 12 మీటర్లకు పెరిగింది. సాటా ఆ తేడా చదివే ఉపాయాన్నే తీసుకుని, పక్కబిట్లతో పోటీ అన్న సమస్యను లేకుండా చేసింది. పోవడానికి ఒక జంట, రావడానికి ఒక జంట, గడియారం ఎంత పెంచినా ఒకరికోసం ఒకరు ఆగక్కర్లేదు.

2003 ప్రాంతంలో మొదటి సాటా డిస్కులు కొన్నవాళ్లకు మాత్రం వేగంలో తేడా దాదాపు ఏమీ కనిపించలేదు. చాలావాటిలో పాత ఏటీఏ ఎలక్ట్రానిక్సే ఉండి, మధ్యలో ఒక మార్పిడి చిప్ కూర్చునేది. పలక అదే కదా.

480ని 400 ఎలా దాటింది?

యూఎస్‌బీ 2.0లో కాలాన్ని 125 మైక్రోసెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో డిస్కు సమాచారానికి గరిష్ఠంగా 13 ప్యాకెట్లు, ప్యాకెట్‌కు 512 బైట్లు. సెకనుకు 8,000 ముక్కలు కాబట్టి లెక్క 53.2 మెగాబైట్ల దగ్గర తేలుతుంది. 60లోంచి ఏడు ఇక్కడే పోయాయి. ఆపైన, డిస్కుకు ఆదేశం పంపడం, సమాచారం తీసుకోవడం, అయిందా అని అడగడం ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. కంప్యూటర్ అడిగితే తప్ప డిస్కు నోరు విప్పదు. ఇవన్నీ పోగా చేతికొచ్చేది 30, 35 మెగాబైట్లు.

ఫైర్‌వైర్‌లో పరికరం సొంతంగా మాట్లాడగలదు, సమాచారాన్ని నేరుగా కంప్యూటర్ మెమరీలో పెట్టగలదు. 49లో 35నుంచి 40 వరకు మిగిలేది అందుకే. (మెమరీలోకి అలా తిన్నగా చొరబడే వీలే తర్వాత భద్రతా లోపంగా పేరు తెచ్చుకుంది.) అయినా గెలిచింది యూఎస్‌బీయే. ఐదారు మెగాబైట్ల తేడాకన్నా ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ రంధ్రం ఉండటమే జనానికి ముఖ్యమైంది, చిప్ కూడా చవక.

80 గిగాబైట్ల పాత డిస్కు: ఒక లెక్క

అల్ట్రా ఏటీఏ 100 రాసి ఉన్న 80 గిగాబైట్ల డిస్కు, యూఎస్‌బీ 2.0 అడాప్టర్ అనుకుందాం. పలక బయటి అంచున 50 మెగాబైట్లు, లోపలి అంచున 28 ఇస్తుందని అనుకుందాం (బయటి చుట్టు పెద్దది, సెక్టార్లు ఎక్కువ పడతాయి). మొదటి భాగంలో అడ్డు పడేది యూఎస్‌బీ, చివరి భాగంలో డిస్కే. సగటు 32 పట్టుకుంటే 80,000 మెగాబైట్లకు 2,500 సెకన్లు, దాదాపు 42 నిమిషాలు. అడాప్టర్‌ను యూఎస్‌బీ 3.0కు మారిస్తే? కాగితం మీద 60 కాస్తా 500 అయింది, ఎనిమిది రెట్లు. డిస్కు సగటు మాత్రం 40 చుట్టుపక్కలే, కాబట్టి పట్టే సమయం 33 నిమిషాలు. ఎనిమిది రెట్ల అంకె 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాల చిల్లర ఆదా చేసింది.

ఇదంతా డిస్కును మొదటినుంచి చివరిదాకా వరసగా చదివినప్పటి మాట. ఫైళ్లు చిన్నచిన్నవై అక్కడక్కడా చెదిరి ఉంటే లెక్క తలకిందులవుతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులో కావలసిన సెక్టార్ హెడ్డు కిందకు రావడానికి సగటున అర చుట్టు, 4.2 మిల్లీసెకన్లు. హెడ్డు ట్రాకు దగ్గరకు జరగడానికి ఇంకో 8.5. కలిపి 12.7, అంటే సెకనుకు 79 సార్లు మాత్రమే చదవగలం. ప్రతిసారీ 4,096 బైట్లే కావాలంటే సెకనుకు 0.32 మెగాబైట్లు. ఐడీఈలో అన్నిటికన్నా నెమ్మదైన పీఐఓ మోడ్ 0 కూడా దీనికి పదింతలు మోయగలదు. ఇక్కడ స్కజీ, సాటా, యూఎస్‌బీ అన్నీ సమానమే. ఆదేశాలను వరస మార్చుకునే వీలున్నవి కాస్త మెరుగు, అంతే.

హెడ్డూ పలకా లేని ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఈ కథ తిరగబడింది. 600 మెగాబైట్ల సాటాలో అవి 550 దాకా వాడేసుకుని ఇంకా కావాలన్నాయి, ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన పద్ధతి వచ్చింది అందుకే. అదే ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ 2.0 రంధ్రానికి తగిలిస్తే 550 కాస్తా 35 అవుతుంది. పాత 80 గిగాబైట్ల డిస్కుకు ఎనిమిది నిమిషాల తేడా తెచ్చిన అడాప్టర్ మార్పు, ఇక్కడ పది రెట్లకు మించిన తేడా తెస్తుంది.